ఊరి గస్తీకి వాకీటాకీ: తేడా ఎక్కడ వస్తుంది, ఎలా సరిచేసుకోవాలి

రొయ్యల చెరువు మీది ఏరేటర్ మోటారు తెల్లారేసరికి ఉండదు. పొలంలో ట్రాన్స్‌ఫార్మర్ దింపి రాగి తీగ ఊడబీక్కుపోతారు. దింపు తీసి రాశి పోసిన కొబ్బరికాయ సగానికి తగ్గుతుంది. ఇలాంటివి వరసగా జరిగితే కోనసీమలోనైనా, ఇటు నరసాపురం, పాలకొల్లు వైపైనా కుర్రాళ్ళు పోగై రాత్రి గస్తీ మొదలుపెడతారు. ఎవరో పెద్దాయన చందా వేయించి వాకీటాకీలు తెప్పిస్తారు. కొన్నాళ్ళు బాగానే మోగుతాయి, ఆ తర్వాత అటకెక్కుతాయి.

చాలాచోట్ల అవి అటకెక్కింది చెడిపోయి కాదు. చూసినవాడి దగ్గర్నుంచి పోలీసు దాకా వెళ్ళాల్సిన మాట మధ్యలో ఎక్కడో ఆగిపోయింది. ఆ ఆగిన చోటు దొరికితే బాగుచేయడం కష్టం కాదు. అందుకే గస్తీవాళ్ళ నోట వినిపించే ఫిర్యాదులను ఒక్కొక్కటే తీసుకుని, కారణమూ మందూ కింద రాస్తున్నాను. దేనికైనా ముందు ఒక మాట ఒప్పుకోవాలి. గస్తీ బృందం పని చూడడం, చెప్పడం. వెంటపడడం, పట్టుకోవడం పోలీసుల పని. కింద రాసిన మరమ్మతుల్లో సగం ఈ ఒక్క మాట మీదే నిలబడ్డాయి.

"సెట్లు కొన్నాం. వాడొచ్చా, వాడకూడదా?"

అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే, చాలామంది ఆఖర్న అడుగుతారు. మన దేశంలో 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం కాలం నుంచీ లైసెన్సు లేని సెట్టుతో మాట్లాడడమే కాదు, దాన్ని దగ్గర ఉంచుకోవడమూ నేరమే. కొన్ని ఫ్రీక్వెన్సీలకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. అందులో ఊరి గస్తీకి పనికొచ్చేది 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య ఉన్న ముక్క. 2018 నిబంధనలతో దీనికి లైసెన్సు అక్కర్లేకుండా పోయింది. ఈ తరహా సెట్లు అర వాట్ శక్తితో, సెట్టుకే బిగించి ఉన్న యాంటెన్నాతో పనిచేస్తాయి. లైసెన్సు అక్కర్లేదు కదా అని ఏ సెట్టయినా కొనేయకూడదు. ఆ మోడల్‌కు టెలికం శాఖలో ఫ్రీక్వెన్సీల సంగతి చూసే డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చిన ఈటీఏ ధ్రువీకరణ, అంటే ఆ రకం పరికరానికి ఆమోదం, ఉండాలి. కొనేటప్పుడు ఆ ధ్రువపత్రం నకలు అడిగి తీసుకోండి. "సీఈ ముద్ర ఉందండీ" అంటే చాలదు, అది యూరప్ సంగతి. ఆన్‌లైన్‌లో అమ్మే వాకీటాకీల మీద వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2025లో ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఇవ్వాల్సి వచ్చిందంటే ఆ బజారు ఎలా ఉందో తెలుస్తూనే ఉంది.

డెల్టాలో మూడు రకాల సెట్లు పొరపాటున చేతికొస్తుంటాయి. మొదటిది అమెరికా నుంచో గల్ఫ్ నుంచో మనవాళ్ళు ప్రేమతో పట్టుకొచ్చేది. అమెరికాలో ఇంటింటా వాడే చిన్న సెట్లు 462, 467 మెగాహెర్ట్జ్ మీద నడుస్తాయి. అక్కడ చట్టబద్ధమే గానీ ఇక్కడ కాదు. రెండోది అయిదు వాట్ల చవక చైనా సెట్టు. ఏ ఫ్రీక్వెన్సీకైనా తిప్పుకోవచ్చు, అదే దాని ఆకర్షణ, అదే దాని ప్రమాదం. తెలిసో తెలియకో పోలీసు వైర్‌లెస్ మీదకో, విమానాశ్రయం వాళ్ళు వాడే చోటికో వెళ్తే సాయం చేయబోయినవాడే కేసులో ఇరుక్కుంటాడు. మూడోది పడవల మీది మెరైన్ వీహెచ్ఎఫ్ సెట్టు. అంతర్వేది, నరసాపురం రేవుల్లో అది మత్స్యకారుల ప్రాణరక్షణ సాధనం. ఛానల్ 16 ఆపదలో ఉన్నవాడి కేక కోసం ఉంచింది. దాన్ని ఊళ్ళోకి తెచ్చి మేకల దొంగ గురించి మాట్లాడకండి, ఆ సమయంలో సముద్రం మీద ఎవరి కేక మునిగిపోతుందో మనకు తెలియదు.

ఎస్సై గారు "కానివ్వండి" అన్నారనో, స్టేషన్ ముద్రతో ఉత్తరం ఉందనో ధైర్యపడేవాళ్ళున్నారు. ఫ్రీక్వెన్సీల మీద అధికారం కేంద్రానిది. స్టేషన్ ఉత్తరం గస్తీకి మంచిదే, లైసెన్సుకు బదులు మాత్రం కాదు. 446 సెట్టుతో పని జరగడం లేదు, ఇంకా బలమైనవి కావాలి అనుకుంటే టెలికం శాఖకు సరళ్ సంచార్ పోర్టల్ ద్వారా దరఖాస్తు పెట్టి, ఫ్రీక్వెన్సీ కేటాయించుకుని, లైసెన్సుతోనే వాడాలి.

"పెట్టె మీద పది కిలోమీటర్లన్నారు, వీధి చివరికే అందడం లేదు"

సెట్టు మంచిదే. పెట్టె మీది అంకె కొండ మీంచి మైదానంలోకి మాట్లాడినప్పటిది. ఈ తరంగాలు చూపు మేరకే వెళ్తాయి. ఒకరినొకరు చూడగలిగితే మాట్లాడగలరు, అడ్డం పెరిగేకొద్దీ మాట సన్నబడుతుంది. డెల్టాలో కొండ లేదు గానీ కొబ్బరి ఉంది. వాన కురిసిన మర్నాడు తడిసిన ఆకుల మధ్య సిగ్నల్ ఇంకా తగ్గుతుంది. దట్టమైన తోటల్లో, శ్లాబు ఇళ్ళ మధ్య కిలోమీటరు అందితే గొప్ప. అదే సెట్టు చేపల చెరువు గట్టు మీంచి ఖాళీ వరి చేల మీదుగా అంతకు రెండు మూడింతలు సులువుగా వెళ్తుంది.

దీనికి శక్తి పెంచడం మందనుకుంటారు. అర వాట్ నుంచి అయిదు వాట్లకు వెళ్తే అడ్డేమీ లేని చోట కూడా దూరం మూడు రెట్లకు కాస్త మించుతుంది, అంతే. తోటల్లో ఆ లాభమూ దక్కదు. అసలు మందు ఎత్తు. లెక్క చెబుతాను. నేల మీద నిలబడి ఛాతీ ఎత్తున సెట్టు పట్టుకున్న ఇద్దరి మధ్య, ఏ అడ్డూ లేకపోయినా, భూమి వంపు వల్ల పది కిలోమీటర్ల దగ్గర చూపు ఆగిపోతుంది. ఒకరు పది మీటర్ల ఎత్తుకెక్కితే అది 18 కిలోమీటర్ల దాకా జరుగుతుంది. ఎత్తు వల్ల ఇంకో లాభం, మాట చెట్ల బోదెల్లోంచి కాకుండా తలల మీదుగా పోతుంది.

కాబట్టి మాటలు వినే మనిషిని ఎత్తున కూర్చోబెట్టండి. రెండంతస్తుల మేడ, రైస్‌మిల్లు మీది గది, తుఫాను షెల్టరు డాబా, ఏదైనా సరే. గస్తీవాడు మాట్లాడాల్సి వస్తే కాలవలోంచి ఏటిగట్టు మీదకి ఎక్కి మాట్లాడాలి. సెట్టును జేబులోనో నడుముకో పెట్టి మైకు తీగతో మాట్లాడితే మన ఒళ్ళే సగం మింగేస్తుంది. ముఖానికి ఎదురుగా, నోటికి రెండు మూడు అంగుళాల దూరంలో, యాంటెన్నా నిటారుగా ఉండాలి. అందకపోతే నాలుగడుగులు పక్కకి జరిగి మళ్ళీ ప్రయత్నించండి. ఈ తరంగం పొడవు 67 సెంటీమీటర్లే, ఒక అడుగు జరిగినా చచ్చిన చోట ప్రాణం వస్తుంది.

ఊరు పొడుగ్గా కాలవ వెంట సాగి ఉంటే ఎంత ఎత్తూ చాలదు. అప్పుడు మధ్యలో ఒక మనిషి ఉండి విన్నది విన్నట్టు అవతలికి చెప్పాలి. "మూడో నంబరు మాట ఇది" అని మొదలుపెట్టి, సొంత మాట ఒక్కటి కలపకుండా చెప్పడం నేర్పండి. కళ్ళతో చూసినట్టు ఊహించి చెప్పేవాణ్ణి ఆ చోట పెట్టకండి.

పనిలో దిగేముందు ఒక పగలు కేటాయించి ఊరంతా తిరిగి మాట్లాడి చూసుకోండి. తూముల దగ్గర, లాకుల దగ్గర, రేవు దగ్గర, శ్మశానం దగ్గర ఎక్కడెక్కడ అందుతోందో, ఎక్కడ అందడం లేదో ఊరి పటం మీద గుర్తు పెట్టుకోండి. అందని చోటు రాత్రి తెలిస్తే ఆలస్యమైనట్టే.

"ఎవరూ మాట్లాడకపోయినా గుర్రుమంటోంది"

స్క్వెల్చ్, అంటే మాట లేనప్పుడు గరగరను అణిచిపెట్టే అమరిక, తక్కువగా ఉంది, ఒక మెట్టు పెంచండి. ఒకే ఇంట్లో మాత్రం అలా అరుస్తుంటే చవకరకం ఎల్ఈడీ బల్బో, ఇన్వర్టరో, చార్జరో కారణం. ఒక్కొక్కటే ఆపి చూస్తే దొంగ దొరుకుతుంది. స్క్వెల్చ్ మరీ పెంచేస్తే బలహీనంగా వచ్చే మాట లోపలికే రాదు, అది ఇంకా ప్రమాదం.

"మొదటి మాట తెగిపోతోంది, ఇద్దరు మాట్లాడితే ఒకరే వినిపిస్తున్నారు"

బటన్ నొక్కగానే మాట్లాడేస్తున్నారు. నొక్కి, ఒక క్షణం ఆగి, మాట్లాడాలి. వదిలేముందూ అంతే. ఇద్దరు ఒకేసారి నొక్కితే ఈ రకం సెట్లలో బలమైన సిగ్నలే గెలుస్తుంది. దగ్గరున్నవాడి ముచ్చట కింద దూరంగా ఉన్నవాడి కేక అణిగిపోతుంది. అందుకే మాటకీ మాటకీ మధ్య రెండు సెకన్ల ఖాళీ ఉంచాలి. చేయి తగలకుండానే గొంతుకు తెరుచుకునే వాక్స్ సదుపాయాన్ని గస్తీలో ఆపేయండి, దగ్గు వచ్చినా ఛానల్ మూసుకుపోతుంది.

"బాబాయ్ పిలిచాడు, ఏ బాబాయో తెలియలేదు"

మన ఊళ్ళలో అందరూ బావలూ బాబాయిలే. "బాబాయ్, ఇక్కడెవరో ఉన్నారు" అని ఎవరన్నారో, ఎక్కడనుంచి అన్నారో చీకట్లో ఎవరికీ అర్థం కాదు. ప్రతి సెట్టుకీ ఒక నంబరు ఇచ్చి, పిలిచేటప్పుడు ముందు ఎవరిని పిలుస్తున్నామో, తర్వాత తామెవరో చెప్పాలి: "ఒకటీ, ఒకటీ, నేను నాలుగు." వరసలు టీకొట్టు దగ్గరికి దాచుకోవచ్చు.

"తెలియని గొంతులు వస్తున్నాయి"

నీళ్ళ మీద అడ్డం ఉండదు కాబట్టి గోదావరి అవతల ఒడ్డు మాట చక్కగా వినిపిస్తుంది. సఖినేటిపల్లిలో మాట్లాడితే నరసాపురంలో అందొచ్చు, ఎదుర్లంక మాట యానాంలో వినపడొచ్చు. లైసెన్సు లేని ఛానళ్ళు అందరివీ, పెళ్ళి క్యాటరింగువాళ్ళూ వాడతారు, కట్టుబడి పనివాళ్ళూ వాడతారు. ఛానల్ మార్చుకోండి, లేదా మాటతో పాటే చెవికి తెలియకుండా వెళ్ళే 38 సన్నటి టోన్లలో ఒకటి మన సెట్లన్నిటిలో పెట్టుకోండి. టోన్ పెడితే, ఆ టోన్ లేని ఇతరుల మాట మనకు వినపడదు.

దీన్ని చాలా కంపెనీలు ప్రైవసీ కోడ్ అంటాయి, ఆ పేరు నమ్మకండి. వాళ్ళ మాట మనకు వినపడకుండా చేస్తుంది గానీ మన మాట వాళ్ళకు వినపడకుండా చేయదు. అదే ఛానల్ మీద టోన్ లేకుండా ఉన్న ఎవడైనా మన మాటలన్నీ వింటాడు. దొంగ వింటున్నాడనే అనుకుని మాట్లాడాలి. "రాజుగారి ఇంటికి తాళం ఉంది, వాళ్ళు హైదరాబాదు వెళ్ళారు" అనే మాట గాల్లోకి వదిలితే అది ఆహ్వానపత్రికే. "ఆ ఇంట్లో పెద్దావిడ ఒక్కత్తే ఉంది" అనడమూ అంతే. ఆడవాళ్ళ మీద, పిల్లల మీద జరిగిన నేరమైతే బాధితుల పేరు, ఇంటిపేరు, వీధి ఏవీ సెట్టులో ఉచ్చరించకూడదు. లైంగిక నేరాల్లో బాధితుల గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ ప్రకారం నేరం. అలాంటి కబురు "ఒకటీ, ఫోను చేయి" అన్నంతవరకే సెట్టులో ఉండాలి.

"అందరం విన్నాం, పోలీసులు మాత్రం రాలేదు"

అన్నిటికంటే ఎక్కువగా వినపడేది ఈ ఫిర్యాదే, అన్నిటికంటే ఎక్కువ మనసు విరిచేదీ ఇదే. కారణాలు నాలుగు.

మొదటిది, ఎవరూ ఫోను చేయలేదు. పన్నెండు మంది విన్నారు, పన్నెండు మందీ ఇంకొకరు చేసి ఉంటారనుకున్నారు. గస్తీ సెట్టు పోలీసు వైర్‌లెస్‌తో మాట్లాడదు, మాట్లాడకూడదు. కాబట్టి మధ్యలో ఒక మనిషి ఉండి తీరాలి. అమెరికాలో 1962లో మొదలైన రియాక్ట్ అనే సంస్థ పద్ధతి ఇదే. ఇళ్ళలో సిటిజన్ బ్యాండ్ అనే, సామాన్యులు వాడుకునే రేడియోల దగ్గర కూర్చున్న మామూలు మనుషులు రోడ్డు మీంచి వచ్చే ఆపద కబుర్లు విని పోలీసులకు ఫోను చేసేవారు. 1970లో అక్కడి ప్రభుత్వం ఛానల్ 9ని అత్యవసరానికి కేటాయించింది. ఆ ఏర్పాటు అంతా వినే మనిషి మీద నిలబడింది. మనకీ అంతే. తిరిగే నలుగురి కంటే కూర్చుని వినే ఒక్కడు ముఖ్యం. మనవాళ్ళు దాన్ని తక్కువ పనిగా చూసి, తిరగలేని ముసలాయనకో నిద్రమొహం కుర్రాడికో అప్పగిస్తారు. అది తప్పు. బృందంలో నిదానం, స్పష్టమైన మాట, చదువు ఉన్న మనిషిని అక్కడ పెట్టండి. చాలా ఊళ్ళలో అలాంటి మనిషి ఓ ఇల్లాలో, రిటైరైన మాస్టారో అయి ఉంటారు. రెండు మూడు గంటలకోసారి మనిషి మారాలి, మారినప్పుడు సెట్టులో చెప్పాలి.

రెండోది, ఫోను చేశారు గానీ చోటు తప్పు పోయింది. అత్యవసర నంబరు 112కు ఫోను చేస్తే చేసినవాడు ఎక్కడున్నాడో ఆ చోటు వాళ్ళ తెరమీద కనపడేలా ఏర్పాటు ఉంది. వినే మనిషి తన ఇంట్లో ఉన్నాడు, దొంగతనం రెండు కిలోమీటర్ల అవతల చెరువు దగ్గర. అందుకే ఫోను ఎత్తగానే మొదటి వాక్యం ఇలా ఉండాలి: "నేనున్న చోట కాదండి, జరుగుతున్న చోటు వేరు." ఆ తర్వాత జిల్లా, మండలం, ఊరు, గుర్తు. జిల్లా చెప్పడం ఎందుకంటే వశిష్ఠ గోదావరికి ఒక ఒడ్డు కోనసీమ జిల్లా, ఇంకో ఒడ్డు పశ్చిమ గోదావరి. పేట, పాలెం, లంక అనే పేర్లు మండలానికో నాలుగు ఉంటాయి. ఒక్క "పెదలంక" అంటే వాహనం ఎటు పోతుంది?

గుర్తుకు ఊరివాడికే తెలిసిన పేరు పనికిరాదు. "మావుళ్ళయ్యగారి మకాం దగ్గర" అంటే కొత్తగా వచ్చిన కానిస్టేబుల్‌కు ఏం తెలుస్తుంది? కరెంటు స్తంభం మీద, ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసిన నంబరు, తూము, లాకులు, వంతెన, గుడి, పెట్రోలు బంకు, ఇవి చెప్పండి. వాహనం గట్టు మీదకి ఎటునుంచి ఎక్కాలో కూడా చెప్పాలి. డెల్టాలో చోటు కళ్ళకు కనపడుతుంది, దారి ఉండదు. మధ్యలో కాలవ, వంతెన మైలు అవతల. పోలీసు జీపు కాలవకు అటు ఒడ్డున ఆగి లైటు వేసి చూస్తుండగా ఇటు ఒడ్డున దొంగలు బండెక్కి పోవడం మన ప్రాంతంలోనే జరిగే సంగతి. పగలు తీసుకున్న ఊరి పటం మీద ప్రతి గుర్తుకీ ఒక నంబరు వేసి, దాని పక్కన దారి రాసి, ఒక నకలు స్టేషన్‌లో ఇచ్చి రండి.

మూడోది, కబురులో విషయం లేదు. "అనుమానంగా ఉందండి" అంటే ఏ అధికారీ నడిరాత్రి మనుషుల్ని పంపలేడు. చూసినవాడు చెప్పాల్సిన వరస ఇది: ఎక్కడ, ఏం చేస్తున్నారు, ఎందరు, వాహనం ఏది, ఎటు పోతున్నారు, చేతుల్లో ఏముంది, ఇప్పుడూ జరుగుతోందా అయిపోయిందా. దిక్కు చెప్పేటప్పుడు ఎగువ, దిగువ అనే మన మాటలే మేలు. కాలవ వెంట ఎవరు ఎటు తిరిగి నిలబడ్డా అవి మారవు, కుడి ఎడమలు మారిపోతాయి. ఒక మంచి కబురు ఇలా ఉంటుంది:

"ఒకటీ, నేను నాలుగు."

"చెప్పు నాలుగూ."

"గుర్తు పదకొండు, తూము పక్క చెరువు. ముగ్గురు మనుషులు ఏరేటర్ విప్పుతున్నారు. తెల్ల ట్రాలీ ఆటో, నంబరు కనపడలేదు, మొహం దిగువకు ఉంది. ఇప్పుడు జరుగుతోంది. నేను గట్టు మీద, దూరంగా ఉన్నాను."

"గుర్తు పదకొండు, ముగ్గురు, ఏరేటర్, తెల్ల ట్రాలీ ఆటో, దిగువకు. అక్కడే ఉండు, దగ్గరికి వెళ్ళకు. ఫోను చేస్తున్నాను."

విన్నది తిరిగి అప్పచెప్పడం గమనించారా? అది వదిలేస్తే "పదకొండు" కాస్తా "పన్నెండు" అయి వాహనం వేరే గట్టెక్కుతుంది. చూసింది, అనుకున్నది వేరువేరుగా చెప్పడం ఇంకో అలవాటు. "ఆటో ఆగింది" చూసింది. "గంజాయి బండి" అనుకున్నది. అనుకున్నది సెట్టులో అనకండి.

నాలుగోది, స్టేషన్‌కు ఈ బృందం ఉన్నట్టే తెలియదు. మొదలుపెట్టేముందే ఎస్సై గారిని కలిసి, పేర్ల జాబితా, ఆధార్ నకళ్ళు, గస్తీ వేళలు, వినే మనిషి ఫోను నంబరు రాసి ఇవ్వాలి. బీట్ కానిస్టేబుల్‌నీ, సచివాలయంలోని మహిళా పోలీసునీ ఊరి పటం ముందు కూర్చోబెట్టి మాట్లాడాలి. జాబితాలో నేరచరిత్ర ఉన్నవాళ్ళు, ఊళ్ళో తగాదాల్లో ఉన్నవాళ్ళు ఉంటే స్టేషన్‌వాళ్ళే చెబుతారు, ఆ మాట వినండి. అత్యవసరమైతే ముందు 112, తర్వాతే తెలిసిన కానిస్టేబుల్ సెల్లు. తెలిసినవాడు నిద్రలో ఉండొచ్చు, సెలవులో ఉండొచ్చు. 112 రికార్డులో ఉంటుంది.

"అనుమానంతో ఒకణ్ణి ఆపాం, గొడవైంది"

ఇక్కడ సెట్టు బాగానే పనిచేసింది, మరీ బాగా పనిచేసింది. ఒక్కడు "ఎవరో కొత్తవాడు" అన్నాడు, ఐదు నిమిషాల్లో ముప్పై మంది కర్రలతో పోగయ్యారు. 2018లో తెలుగు రాష్ట్రాల్లో పార్థీ దొంగల ముఠా, పిల్లలనెత్తుకుపోయేవాళ్ళు వచ్చారనే పుకార్లు లేచి అమాయకుల్ని కొట్టిన రోజులు అందరికీ గుర్తుండాలి. ఆ ఏడాది జులైలో సుప్రీంకోర్టు మూకదాడుల మీద రాష్ట్రాలకు గట్టి ఆదేశాలు ఇవ్వాల్సి వచ్చింది. వాట్సాప్ కంటే వాకీటాకీ ఇంకా వేగం, గొంతులోని భయం కూడా మోసుకెళ్తుంది. బిచ్చగాడు, మతిస్థిమితం లేని మనిషి, చెరువుల్లో పనికి ఒడిశా నుంచో బెంగాల్ నుంచో వచ్చి మన భాష రాని కూలీ, వీళ్ళే ముందు బలవుతారు.

చట్టం స్పష్టంగా ఉంది. భారతీయ నాగరిక సురక్షా సంహిత 40వ సెక్షన్ ప్రకారం మామూలు పౌరుడు అరెస్టు చేయగలిగేది తన కళ్ళ ఎదుట జరిగిన, బెయిలు లేని, పోలీసులు నేరుగా కేసు కట్టగల నేరానికి, లేదా ప్రకటిత నేరస్తుణ్ణి మాత్రమే. ఆపైన ఆలస్యం లేకుండా, ఎట్టి పరిస్థితిలోనూ ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. అనుమానంతో దారికడ్డం నిలబడితే 126వ సెక్షన్, గదిలో పెడితే 127వ సెక్షన్ కింద న్యాయ సంహితలో మన మీదే కేసు అవుతుంది. హక్కు ఉన్నప్పుడు కూడా గస్తీవాళ్ళు దాన్ని వాడకపోవడమే నా దృష్టిలో మంచిది. చీకట్లో కత్తి ఎవరి దగ్గర ఉందో తెలియదు, మన పిల్లలు మనకు కావాలి.

దీనికి మందు నియమంగా రాసి పెట్టుకోవాలి. గస్తీలో కర్ర, గొలుసు, కత్తి ఉండకూడదు. టార్చిలైటు, సెట్టు, ఫోను, మెరిసే జాకెట్టు చాలు. ఒక్కరుగా వెళ్ళకూడదు. తాగి వస్తే ఆ రాత్రే కాదు, ఇక ఏ రాత్రీ లేదు. కబురు అందుకున్నవాళ్ళు ఆ చోటికి పరిగెత్తకూడదు, ఎక్కడివాళ్ళు అక్కడే ఉండి దారుల మీద కన్నేయాలి. "అందరూ రండి" అనే మాట సెట్టులో నిషేధం. అన్నవాడి దగ్గర్నుంచి సెట్టు తీసేసుకోండి, ఎవరి కొడుకైనా సరే. మనిషి కులం, మతం, భాష, వేషం కబురులో రాకూడదు. ఏం చేస్తున్నాడన్నదే కబురు.

"అర్ధరాత్రి దాటేసరికి సెట్టు చచ్చిపోతోంది"

పగలంతా చార్జరు మీదే వదిలేసిన బ్యాటరీ, ఎండలో టిన్ను షెడ్డులో ఉంచిన బ్యాటరీ త్వరగా సత్తువ కోల్పోతాయి. నిండగానే తీసేయండి. గస్తీ లేని నెలల్లో సగం చార్జితో నీడన దాచండి. ఉబ్బిన బ్యాటరీని ఇక వాడకండి.

సముద్రం దగ్గరి ఊళ్ళలో ఇంకో శత్రువు ఉప్పుగాలి. బ్యాటరీ తగిలే ఇత్తడి బిళ్ళల మీద పచ్చటి చిలుము పడుతుంది, చార్జు ఎక్కినట్టు లైటు వెలుగుతుంది గానీ ఎక్కదు. వారానికోసారి పొడి గుడ్డకు కాస్త స్పిరిట్ అంటించి తుడవండి. రొయ్యల చెరువులో పడిన సెట్టును వెంటనే ఆపి, బ్యాటరీ ఊడదీసి, సెట్టును మంచినీళ్ళతో కడిగి, నీడలో ఆరనివ్వాలి. పని చేస్తుందో లేదో చూద్దామని స్విచ్చి వేసినప్పుడే ఎక్కువ సెట్లు పోతాయి. నీళ్ళు చొరబడవని చెప్పే ఐపీ67 గుర్తు రాసి ఉన్నా అది మీటరు లోతు మంచినీళ్ళలో అరగంట మాటే, ఉప్పునీటి మాట కాదు.

"వరదొచ్చింది, ఫోన్లు పోయాయి"

లంకల్లో జనం పునరావాస కేంద్రాలకు వెళ్ళిపోయి ఇళ్ళు ఖాళీగా ఉన్న సమయంలో గస్తీ ఎక్కువ కావాలి, అప్పుడే పోలీసులకు కబురు పెట్టే ఫోను పోతుంది. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను కోనసీమను ఏ స్థితికి తెచ్చిందో పెద్దవాళ్ళను అడిగితే చెబుతారు. ఇప్పుడు సెల్‌టవర్లున్నా, కరెంటు పోయి, టవరు బ్యాటరీ అయిపోయి, డీజిలు అందకపోతే అవీ మూగబోతాయి. సిమ్ కార్డు వేసి వాడే "ఎంత దూరమైనా అందే" వాకీటాకీలు టవరుతో పాటే పోతాయి. అవి రేడియో ఆకారంలో ఉన్న సెల్‌ఫోన్లే. కొనేటప్పుడు ఇది అడిగి తెలుసుకోండి.

ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకు, రెండోది 13.75కు, మూడోది 17.75కు ఇస్తారు. మొదటి హెచ్చరిక వినగానే బ్యాటరీలన్నీ నింపేయండి. రెండోది వచ్చేసరికి స్టేషన్‌కో, వరద విధుల్లో ఉన్న పోలీసు పికెట్‌కో దగ్గరగా ఒక సెట్టుతో మన మనిషి చేరి ఉండాలి. ఫోను లేనప్పుడు అతని నోరే 112. వరదలో ఒంటరిగా నావ వేసుకుని ఖాళీ ఇళ్ళు చూడ్డానికి వెళ్ళకండి. గట్టు మీంచి దీపం కదులుతున్నట్టు కనపడితే గుర్తు నంబరు చెప్పడం చాలు.

మండలంలో ఒకరిద్దరు హామ్ రేడియో, అంటే అభిరుచి కొద్దీ నడిపే దూరపు రేడియో, లైసెన్సు తీసుకుంటే ఇంకా మేలు. పన్నెండేళ్ళు నిండిన ఎవరైనా పరీక్ష రాయొచ్చు. రోజువారీ గస్తీకి దాన్ని వాడకూడదు గానీ విపత్తులో జిల్లా కేంద్రం దాకా మాట చేర్చేది అదే.

"గస్తీకి మనుషులు రావడం తగ్గిపోయింది"

కబురు పంపినవాడికి దాని ఫలితం తెలియకపోతే రెండు మూడుసార్ల తర్వాత చూసీ చూడనట్టు ఊరుకుంటాడు. వినే మనిషి దగ్గర ఒక నోటు పుస్తకం ఉండాలి: తేదీ, ఫోను గడియారం ప్రకారం సమయం, ఎవరు చెప్పారు, ఏ గుర్తు, ఏం చెప్పారు, 112కు ఎప్పుడు చేశాం, వాహనం ఎప్పుడొచ్చింది, తర్వాత ఏమైంది. కేసు నడిస్తే సాక్షి చూసినవాడే, ఫోను చేసినవాడు కాదు, కాబట్టి చూసినవాడి పేరు పుస్తకంలో తప్పకుండా ఉండాలి, సెట్టులో మాత్రం రాకూడదు.

ఆ పుస్తకం పట్టుకుని నెలకోసారి స్టేషన్‌కు వెళ్ళండి. "మేం చెప్పిన వాటిలో ఏది పనికొచ్చింది, ఏది అనవసరంగా మిమ్మల్ని తిప్పింది?" అని అడగండి. వాళ్ళు చెప్పింది తెచ్చి బృందంలో చదవండి. ఏరేటర్ దొరికితే చూసి చెప్పినవాడికి అందరి ఎదుటా చెప్పండి. కబురు పొరపాటైతే అదీ చెప్పండి, కానీ కసరకుండా. పొరపాటైనా చెప్పినవాణ్ణి కసిరితే మళ్ళీ నోరు విప్పడు. ఫోను చేసిన సమయానికీ వాహనం వచ్చిన సమయానికీ మధ్య తేడా నెలనెలా పుస్తకంలో కనపడుతూనే ఉంటుంది. అది తగ్గకపోతే ఊరి పటం మళ్ళీ తెరిచి, ఏ గుర్తు దగ్గర దారి తప్పుగా రాశామో మొదట అదే చూడండి.